మా వాడల ఎవరూ పొగడరు

మా బర్రె బకెట్టు నిండ పాలిచ్చే రోజుల్ల గూడ మా అమ్మ ఆ బకెట్టును కొంగు కింద దాచుకొని ఇంట్లకు తెచ్చేది. దారిల ఎవరన్న "పాలు మంచిగనే ఇస్తున్నదా బర్రె?" అని అడిగితే మొఖం ఇంత చిన్నగ చేసుకొని, "ఎక్కడి పాలక్కా, దూడకే సాల్తలేవు" అనేది. కొంగు కింద నుంచి నురుగు బయటికి కనపడుతుండేది. అడిగినామె నురుగును చూసేది, అమ్మ మొఖం చూసేది, "అయ్యో పాపం" అని పోయేది. వాళ్లింట్ల బర్రె గూడ దూడకు సాలనట్టే ఇస్తుండేది మరి.

దీన్ని మా దగ్గర ఎవరూ అబద్ధం అనుకోరు. దిష్టి తగలకుండ మాట్లాడుడు, అంతే. మిర్చి తోట ఎర్రగ పండి చూసినోళ్ల కండ్లు చెదిరిన ఏడు మా నాయన గట్టు మీద నిలబడి, "ఏం తోటలే, సగం తామర పురుగే తిన్నది" అన్నడు. నేను ఇంటర్ల కాలేజీ ఫస్టు వచ్చిన్నాడు జూలూరుపాడు బస్టాండు కాడ ఎవరో అడిగితే, "ఏదో గట్టెక్కింది" అన్నడు. నేను పక్కనే ఉన్న. గట్టెక్కిందట! నేనేమన్న వాగుల కొట్టుకపోయిన గొర్రెనా? ఇంటికొచ్చేదాక ఆయనతోటి మాట్లాడలే. నేను మాట్లాడతలేనన్న సంగతి గూడ ఆయనకు తెల్వలే.

గిట్లాంటి ఇంట్ల పుట్టి నేను ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పోయిన.

డిగ్రీ అయినంక మొదట ఖమ్మంల ఒక విత్తనాల ఆఫీసుకు పోయిన. ఆ సారు మర్యాదగ కూసోబెట్టి, "కంప్యూటర్ ఎంతవరకు వచ్చమ్మా?" అన్నడు. నాకు మస్తు వచ్చు. కీబోర్డు చూడకుండ కొడత. నోట్ల నుంచి మాత్రం ఏమొచ్చింది? "ఏదో కొంచెం వచ్చు సార్." మరి ఇంగ్లీషో? "ఏదో నెట్టుకొస్త సార్." మీల ఉన్న మంచి గుణం ఒకటి చెప్పమన్నడు. నేను నేల చూసిన, మీద తిరిగే ఫ్యాను చూసిన, "ప్రత్యేకంగ ఏం లేదు సార్" అన్న. ఆయన నా దిక్కు జాలిగ చూసి, తర్వాత తెలియజేస్తమన్నడు. ఇప్పటిదాక తెలియజేయలే. రెండోది ఒక ట్రాక్టర్ల షోరూము. అక్కడ గూడ ఇదే కథ, ఫ్యాను ఒక్కటే వేరు.

రెండూ పోయినంక మా చిన్నమ్మ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. వాళ్లింటి దగ్గర ఒక కాల్ సెంటర్ల నాకు కొలువు మాట్లాడి పెట్టిందట. పొద్దంత చెవులకు ఫోను తగిలిచ్చుకొని, ముక్కు మొఖం తెల్వనోళ్లను లోను కావాల్నా అని అడగాలె. "నీ బట్టలకు అల్మరల ఒక అర ఖాళీ చేసి పెట్టిన బిడ్డా" అన్నది ప్రేమగ. పాపం, ఆమె తప్పేం లేదు. గని ఆ ఖాళీ అర మాట వినంగనే, బర్రె అరుస్తున్నదని చెప్పి ఫోను పెట్టేసిన.

నాకు పోబుద్ధి కాలే. చెప్పుకోనీకి సిగ్గేంది, నాకు మా దిక్కే ఇష్టం. మిర్చి సీజన్ల ఖమ్మం మార్కెట్ యార్డు ముందర బస్సు ఆగితే, ఘాటుకు బస్సంత తుమ్ముకుంట తిట్టుకుంట ఉంటే, నేను ఒక్కదాన్నే కిటికీల తల పెట్టి గట్టిగ పీల్చేదాన్ని. ఈ బస్తాలు ఎటు పోతయి, ఏ ఓడెక్కుతయి, ఏ దేశంల ఎవరి కూరల పడతయి అని చిన్నప్పటిసంది నాకు ఒకటే ఆరాటం. మా నాయనను అడిగితే, "యార్డు గేటు దాటినంక మనకెందుకే" అనేటోడు.

గప్పుడే డిగ్రీల నాతోటి చదువుకున్న దోస్తు ఫోన్ చేసింది. అది ఖమ్మంల మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీల లెక్కలు చూస్తది. "మా దగ్గర ఎక్స్‌పోర్ట్ సేల్స్‌ల ఒక పోస్టున్నదే. మలేషియా, థాయిలాండ్ కొనేటోళ్లతోటి మాట్లాడాలె, మెయిళ్లు రాయాలె, సరుకు అమ్మాలె. వచ్చే సోమవారం ఇంటర్వ్యూ" అన్నది. నేను ఎగిరి గంతేసిన. "ఆగు ఆగు" అన్నది. "వాళ్లు నీ ముందట బయటి దేశం సేట్ల లెక్క కూసుంటరు. నువ్వు సరుకును పొగిడి అమ్మాలె. నిన్ను నువ్వు గూడ పొగుడుకోవాలె. ఎప్పటి లెక్క ఏదో ఉన్నది, ఏదో వచ్చు అన్నవనుకో, నీ కొలువు అక్కడికక్కడే ఖతం."

ఈ సంగతి ఇంట్ల చెప్పిన. నాయన తువ్వాల దులిపి బుజం మీద వేసుకొని, "సరే పో. ఇది గూడ పోతే మాత్రం మంగళవారం పొద్దుగాల బస్సుకు హైదరాబాద్ ఎక్కాలె. ఇంక సాకులు లేవు" అన్నడు. ఆయన అన్నడంటే అన్నట్టే. చిన్నమ్మ అర ఖాళీగ ఎదురుచూస్తనే ఉన్నది.

నేను పట్టుబట్టి చదివిన. ఫోన్ల వీడియోలు చూసి ఎగుమతి మాటలన్ని నేర్చుకున్న. ఎఫ్ఓబీ అంటే సరుకు ఓడెక్కిందాక అమ్మినోని పూచీ, ఎక్కినంక కొన్నోని పూచీ. దాన్ని పొయ్యి కాడ చదివిన, బోరు కాడ చదివిన, బర్రెకు గడ్డి వేసుకుంట చదివిన. అమ్మ విని విని, "గింత దానికి గంతగనం చదువుడేందే! మనం సంతల పుంజును అమ్మినప్పుడు గట్లనే గద. ఆటో ఎక్కిందాక మన పుంజు, ఎక్కినంక అది పొడిస్తే కొన్నోని ఖర్మ" అన్నది. ఆ తర్వాత ఎఫ్ఓబీ అన్నప్పుడల్ల నాకు ఓడ మీద రెక్కలు కొట్టుకుంట కూసే కోడిపుంజే కనపడేది.

మాటలైతే వచ్చినయి గని పొగడ్త వస్తలేదు. ఒకనాడు మధ్యాహ్నం గోడకున్న అద్దం ముందట నిలబడి, గొంతు సవరించుకొని, "నేను బాగ కష్టపడే మనిషిని. ఏ పని అప్పజెప్పినా చక్కగ చేస్త. నా అంత ఓపిక ఎవరికీ ఉండదు" అని గట్టిగ అన్న. బయట కల్లం మీద మిర్చి తిరగేస్తున్న అమ్మ చీపురు చేతిలనే పట్టుకొని లోపలికి ఉరికొచ్చింది.

"థూ! థూ! థూ!" అన్నది నా మొఖం మీదనే. "నీకేమన్న పిచ్చి లేసిందా? నీ నోటితోటి నువ్వే దిష్టి పెట్టుకుంటున్నవేందే!"

నేను చెప్పేది వినలే. గుప్పెడు ఎండు మిర్చి, ఉప్పు తెచ్చి, నన్ను వాకిట్ల కూసోబెట్టి, తల చుట్టూ తిప్పి, పొయ్యిల నిప్పుల మీద వేసింది. ఇక్కడ ఒక లెక్క ఉన్నది. దిష్టి బాగ తగిలి ఉంటే ఆ మిర్చి ఎంత మాడినా ఘాటు రాదు. దిష్టి లేకపోతే ఘాటు ముక్కులు పగలగొడతది. మాదేమో అన్నిటికంటె ఘాటుండే తేజ మిర్చి. నాకు దగ్గు, అమ్మకు దగ్గు, మంచంల పండుకున్న నాయనకు దగ్గు. గడప కాడ కుక్క లేచి వాడ విడిచే పోయింది. అమ్మ కండ్లు తుడుచుకుంట, "ఏం దిష్టి లేదు" అని తేల్చింది. నాయన దగ్గుల మధ్యల తల లేపి, "దిష్టి తగిలేటంత ఏమున్నదని దాంట్ల?" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. దిష్టి లేకుంటే సంతోషపడాలె గని, ఈ భూమ్మీద ఒక్కరన్న నన్ను చూసి ఏడుస్తలేరా అని నాకు రోషమొచ్చింది.

ఇంక ఆ వారమంత మా ఇంట్ల ఇంటర్వ్యూకు తయారుకావుడంటే దగ్గుడే. నేను ఒక మంచి మాట అనుడు, అమ్మ మిర్చి తెచ్చుడు, అందరం దగ్గుడు. ఎదురింటి పెద్దమ్మ ఏందీ లొల్లి అని వచ్చింది. ఆమె అడివి దిక్కు ఊరి మనిషి, అమ్మతోటి కలిసి మిర్చి ఏరనీకి పోతది. ఇంట్ల కోడలితోటి కోయ భాషల మాట్లాడుతది, మాతోటి మా లెక్కనే మాట్లాడుతది. మా దగ్గు మీద కొట్లాటకని వచ్చి, సంగతి విని, అరుగు మీద సక్కగ కాళ్లు చాపుకొని కూసున్నది. "కానియ్యి, నేను గూడ చూస్త" అన్నది.

ఆ రోజే నాయన, "ఒక్కదానివి అద్దంతోటి మాట్లాడితే ఏమొస్తది? నేను సేటును. నాకు అమ్ము" అన్నడు. లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వచ్చిండు. ప్లాస్టిక్ కుర్చీల కాలు మీద కాలేసుకొని కూసున్నడు. నేను స్టీలు పళ్లెంల మా మిర్చి పోసి ముందట పెట్టిన. ఆయన నా మొఖం చూడలే. ఒక కాయను తొడిమె పట్టి లేపి, విరిచి, పళ్లెంలకు ఇసిరిండు.

"తడి ఉన్నది."

ఇంకోటి లేపిండు. "రంగు లేదు." ఇంకోటి. "తాలు. అంత తెల్లబడ్డ తాలు కాయలే. ఏందమ్మా, ఇంత దూరం ఓడల ఈ చెత్త తోలుకొచ్చినవా?"

అమ్మ, పెద్దమ్మ కడుపు పట్టుకొని నవ్విన్రు. "అచ్చం యార్డుల ఆ కమిషన్ సేటే!" అన్నది అమ్మ. నేను గూడ నవ్విన. నవ్వుకుంట నవ్వుకుంట ఆగిపోయిన. ఆ ఇసురుడు, ఆ మూతి తిప్పుడు, ఆ మొఖం చూడకపోవుడు మా నాయన ఎక్కడ నేర్చుకున్నడు? ఏటేటా యార్డుల తన కుప్ప ముందట తాను నిలబడి చూసిందే గద.

"చెప్పవేందమ్మా" అన్నడు సేటు.

"అవ్ సార్" అన్న. "ఈసారి పంట అంత మంచిగ లేదు."

నాయన నెత్తి కొట్టుకున్నడు. "గట్ల ఒప్పుకుంటే ఇంక అమ్ముడేందే!"

"నువ్వు గూడ యార్డుల గట్లనే ఒప్పుకుంటవు గద నాయనా."

నాయన కాలు మీది కాలు తీసి కింద పెట్టిండు. "నాకంటే దిక్కు లేదు బిడ్డా. బస్తాలు మళ్ల ఇంటికి మోసుకురాలేక ఊకుంట. నీకేం రోగం? నీకు చదువున్నది, నోరున్నది" అన్నడు. కోపంగ అనలే. అందుకే నాకు ఇంకా బాధైంది.

కాసేపటికి ఆయనే తేరుకొని, "లే, నువ్వు సేటువు. నేను అమ్ముత, చూసి నేర్చుకో" అన్నడు. నేను కుర్చీల కూసున్న. కాలు మీద కాలేసిన. ఆయన పళ్లెం చేతుల పట్టుకొని నిలబడి, దమ్ము తీసుకొని, "సేటూ, మా మిర్చి..." అన్నడు. ఆగిండు. మళ్ల, "మా మిర్చి ఎట్లుంటదంటే..." అన్నడు. మేమందరం ఆయన నోటి దిక్కే చూస్తున్నం. ఆయన చెమట తుడుచుకొని, "ఏదో ఉన్నదిలే సేటూ, చూసుకో" అన్నడు.

ఇంక చూడాలె మా నవ్వులు. పెద్దమ్మకు పౌరుషమొచ్చి, పొద్దుగాల అడివిల ఏరుకొచ్చిన ఇప్పపువ్వు గంప ముందటికి జరుపుకొని, "నేను అమ్ముత చూడున్రి" అన్నది. గంప మీద చెయ్యి పెట్టి, "మంచి పువ్వు..." అని మొదలువెట్టి, అటిటు చూసి, గొంతు తగ్గించి, "జర ఇసుక ఉంటదేమో, కడుక్కోవాలె" అన్నది. అయ్యింది ఆమె బేరం గూడ. మా వాడ మొత్తం మీద ఒక్క సేల్స్ మనిషి పుట్టలే.

అమ్మ మాత్రం నవ్వలే. కొంచెంసేపు ఆలోచించి లోపలికి పోయి కాటుక డబ్బీ పట్టుకొచ్చింది. ఆముదం దీపం మసితోటి ఆమె సొంతంగ చేసే కాటుక. "కాలు ఇటు చాపు" అన్నది. నా అరికాలు మీద ఇంత పెద్ద చుక్క పెట్టింది. "ఇంక నీకేం కాదు. చంటిపిల్లలకు పెడితే ఎంత మంది ముద్దు చేసినా దిష్టి తగుల్తదా? తగలదు. గిప్పుడు ఎంతన్న పొగుడుకో."

మీరు నవ్వితే నవ్వున్రి. ఆ చుక్క పెట్టుకున్నంక నాకు నోరు పెగిలింది. నాయన మళ్ల సేటై, కాయ లేపి తడి ఉన్నదన్నడు. "చెవి కాడ పెట్టుకొని ఊపున్రి సార్" అన్న నేను. "గింజ గలగలమంటున్నదా లేదా? తడి ఉంటే ఈ చప్పుడు వస్తదా?" నాయన నిజంగనే చెవి కాడ పెట్టుకొని ఊపి, "అవ్, నిజమే" అన్నడు. "నువ్వు సేటువయ్యా, గట్ల ఒప్పుకోకు!" అని అమ్మ అరిచింది.

అన్ని బాగనే ఉన్నయి గని, అమ్మ మధ్య మధ్యల ఆ మిర్చి పళ్లెం దిక్కు చూసి, "నీకంటే చుక్క పెట్టిన. ఇన్ని పొగడ్తలు పడ్డంక పాపం వాటి గతేంది?" అని గొణుగుతుండె. నేను పట్టించుకోలే.

సోమవారం వచ్చింది. కంపెనీ సరుకు వాళ్ల దగ్గర ఎట్లాగూ ఉంటది, మా చేను మిర్చి తీస్కపోయి చూపిస్తే నాకు మాట వస్తదని నాకు తోచింది. అమ్మనే కల్లం మీద ఏరి కవర్ల కట్టి ఇచ్చింది. అరికాలు చుక్క మళ్ల కొత్తగ పెట్టింది. బస్సెక్కేటప్పుడు నాయన, "మంగళవారం బస్సుకు టికెట్టు ముందుగాల తీసుకోనా, వచ్చినంక చూద్దమా?" అన్నడు. పరాచికమో నిజమో తెల్వక ఏన్కూరు దాటేదాక తిట్టుకుంటనే పోయిన.

ఆఫీసుల ఇద్దరు కూసున్నరు. ఒక మేడమ్, కండ్లద్దాలు పెట్టుకొని. ఒక పెద్దాయన, తెల్ల చొక్కాల. మేడమ్ ఇంగ్లీషుల నా చదువు అడిగింది, ఎఫ్ఓబీ అడిగింది. ఓడ మీద కోడిపుంజు కనపడ్డది గని జవాబు సరిగనే చెప్పిన. అప్పుడు పెద్దాయన కుర్చీల వెనక్కి వాలి, "సరేనమ్మా. నేను మలేషియా నుంచి వచ్చిన. ఏం అమ్ముతవో అమ్ము" అన్నడు.

నేను సంచిల నుంచి కవరు తీసి, "మా చేనుది సార్" అని ఆయన ముందట తెల్ల పళ్లెంల పోసిన. ఆయన ఒక కాయ విరిచిండు, వాసన చూసిండు. రెండోది ముట్టుకోబోయి చెయ్యి ఆపిండు. కుప్పల అన్నిటికంటె పెద్దగ, ఎర్రగ మెరుస్తున్న కాయను కొసవేళ్లతోటి లేపి వెలుతుర్ల పెట్టిండు. నడుమల నల్లటి మచ్చ.

"ఇదేందమ్మా?"

మేడమ్ వంగి చూసి, "ఫంగస్ లాగ ఉంది సార్" అన్నది.

"గిట్లాంటిది ఒక్కటి కనపడ్డా చాలు, కంటైనర్ మొత్తం తిప్పి పంపుతరు. తెలుసా?" అన్నడు పెద్దాయన. కాయను నా దిక్కు ఇసిరినట్టు పెట్టిండు. అచ్చం మా నాయన ఇసిరినట్టే.

నా పై ప్రాణాలు పైనే పోయినయి. కాయ తీసుకొని చూసిన. మచ్చ గుండ్రంగ ఉన్నది, బొట్టు పెట్టినంత గుండ్రంగ. వేలుతోటి రుద్దిన. వేలు నల్లగైంది, ఆముదం వాసన వచ్చింది. ఇంత గుండ్రంగ మచ్చ పెట్టే పురుగు ఈ దునియాల ఒక్క మా అమ్మనే!

నాలుక కొసకు పాత మాట వచ్చేసింది. ఏదో సార్, మా ఇంటి సరుకు గింతే. అనబోయిన. చిన్నమ్మ అల్మరల ఖాళీ అర కనపడ్డది. యార్డుల కుప్ప ముందట ఊకున్న మా నాయన కనపడ్డడు. ఎక్కడి నుంచి వచ్చిందో గని కోపమొచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. అందరి మీద.

"ఫంగస్ కాదు సార్, కాటుక" అన్న. "దిష్టి చుక్క. మా అమ్మ పెట్టింది."

"మిర్చికా?"

"అవ్ సార్, మిర్చికే. మంచిగ లేనిదానికి మా దగ్గర ఎవరూ చుక్క పెట్టరు."

ఇంక ఆగలే. పుల్లలు, తాలు ఏరి పారేసే మా అమ్మ చేతుల గురించి చెప్పిన. మబ్బు పడితే చాలు, అన్నం కాడి నుంచి లేచి పరదాలు కప్పనీకి ఉరికే మా నాయన గురించి చెప్పిన. ఊపి చూడమన్న, గింజ మోత వినమన్న, రంగు చూడమన్న. నోట్ల వేసుకుంటే నీళ్లు తాగినా తగ్గదన్న. సరుకులో లోపం చూపిస్తే ఒప్పుకుంట గని లేని లోపం పెడితే మాత్రం ఒప్పుకోనన్న. అంత అన్నంక గాని నేను ఇంగ్లీషు విడిచి మా జూలూరుపాడు తెలుగుల దంచుతున్నట్టు నాకు తెలిసి రాలే. నోరు మూసుకున్న.

పెద్దాయన ముందు కాయను చూసిండు, తర్వాత నన్ను చూసిండు. బుజాలు కదులుతున్నయి. నవ్వుతున్నడు. మేడమ్ కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "మరి నీకు పెట్టలేదా మీ అమ్మ చుక్క?" అని అడిగింది.

"పెట్టింది మేడమ్. అరికాలుకు."

"అంటే?"

అసలు ప్రశ్న ఇది. మీద ఫ్యాను తిరుగుతున్నది. నేను దాని దిక్కు చూడలే. "అంటే నేను గూడ మంచిదాన్నే మేడమ్" అన్న. "ఇంగ్లీషు మంచిగ వచ్చు. కీబోర్డు చూడకుండ కొడత. పని నేర్చుకుంట, చేస్త." నా గురించి నేను అన్ని మంచి మాటలు ఒకేసారి ఎన్నడూ అనలే.

"కాటుక పెట్టిన కాయలు మాత్రం కంటైనర్ల పడకుండ చూసుకో" అన్నడు పెద్దాయన. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నడు. లేచేటప్పుడు వాళ్ల ఎగుమతి మిర్చి ప్యాకెట్టు ఒకటి చేతిల పెట్టి, "ఇంటికి తీస్కపోయి బాగ చూడు. ఇంక నువ్వు అమ్మేది ఇదే" అన్నడు.

బస్సు దిగి ఇంటికి ఉరికిన. అమ్మను పట్టుకొని ముందు కాయకు చుక్క పెట్టినందుకు తిట్టిన, తర్వాత కొలువు వచ్చిందని చెప్పిన, తర్వాత మళ్ల తిట్టిన. నాయనకు పెద్దాయన అన్నది, నేను అన్నది ఒక్క మాట విడువకుండ చెప్పిన. యార్డుల ఆయన కుప్ప నాకు యాదికొచ్చిన సంగతి గూడ చెప్పిన. ఆయన అరుగు మీద కూసొని విన్నడు. చెంబుల నీళ్లతోటి కాళ్లు కడుక్కున్నడు, కడిగిన కాళ్లనే మళ్ల కడుక్కున్నడు.

మా లొల్లికి పెద్దమ్మ వచ్చి గడప కాడ నిలబడ్డది. "కొలువొచ్చిందట గదనయ్యా పిల్లకు?" అన్నది నాయనతోటి.

ఏదో దొరికిందిలే అంటడని నేను అనుకున్న. అమ్మ అనుకున్నది. పెద్దమ్మ గూడ అదే అనుకొని పోనీకి ఒక కాలు వెనక్కి తీసింది.

"అవ్ వదినా, వచ్చింది" అన్నడు నాయన. లేచి నిలబడ్డడు. వాడంత వినపడేటట్టు, "నా బిడ్డ అంత పెద్ద ఆఫీసుల కూసొని మన మిర్చిని నోరార పొగిడి వచ్చింది. ఇన్నేండ్లల్ల నేను యార్డుల అనలేని మాట అక్కడ అని వచ్చింది. అసొంటి పిల్ల ఈ చుట్టుపక్కల యాడుంది? చూపియ్యి, లేదు" అన్నడు.

పెద్దమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉన్నది. నేను గోడ పట్టుకొని నిలబడ్డ. అమ్మ "అయ్యో అయ్యో, ఏం మాటలయ్యా అవి!" అని గుండెలు బాదుకుంట లోపలికి ఉరికింది. అటక మీది మిర్చి కుండ అందలే. ఎదురుంగ నా సంచిల ప్యాకెట్టు కనపడ్డది. నేను వద్దు వద్దనే లోపు పరపర చింపి, గుప్పెడు ఎగుమతి మిర్చి తీసి, నా తల చుట్టూ తిప్పి, నిప్పుల మీద వేసింది.

మేమందరం కొంగులు, తువ్వాలలు ముక్కులకు అడ్డం పెట్టుకొని నిలబడ్డం. మిర్చి ఉబ్బింది, నల్లగైంది, పొగ లేసింది. పొగ మా మొఖాల మీదికే వచ్చింది. ఎవరికీ దగ్గు రాలే. పెద్దమ్మ కొంగు తీసి వాసన చూసింది. ఏం లేదు. కుక్క గూడ గడప కాడి నుంచి కదల్లే.

నాయన గొంతు సవరించుకున్నడు. సేటు గొంతు తెచ్చుకొని, "ఇదేందే, మీ కంపెనీ మిర్చిల ఘాటే లేదు!" అన్నడు.

"మిర్చి మీదికి తోస్తవేంది?" అన్నది అమ్మ, నడుముల మీద చేతులు పెట్టుకొని. "గింత దిష్టి ఎవరు పెట్టిన్రు దానికి?"

"నేనైతే ఏమనలేదమ్మా" అన్నది పెద్దమ్మ.

ముగ్గురూ నా దిక్కు చూసిన్రు. కొలువుల ఇంక చేరనే లేదు, అప్పుడే సరుకు మీద ఫిర్యాదు. ఘాటు లేదని ఒప్పుకుంటే దిష్టి పెట్టిన నింద నుంచి నాయన బయటపడతడు. ఆయన గూడ, ఒప్పుకోవే అన్నట్టే చూస్తున్నడు.

"సరుకు మంచిదే నాయనా" అన్న.

నాయన తువ్వాలతోటి కండ్లు తుడుచుకున్నడు. దగ్గే రాని కాడ కండ్లెందుకు తుడుచుకుంటున్నడని మేమెవరం అడగలే. అమ్మ ఇంకో గుప్పెడు మిర్చి తీసుకుంట, "అయ్యిందేదో అయ్యింది. ఇంక ఎప్పటి లెక్కనే తిట్టు దాన్ని. బిడ్డ సల్లగ ఉంటది" అన్నది.

నాయన పెద్దమ్మ దిక్కు తిరిగిండు. "ఏం కొలువులే వదినా" అన్నడు. "ఏదో దొరికింది."